ఆడపిల్లల పత్రిక అంటూ మనకి ఒకటి ఉండేదా?

లెస్టర్ కోడలు | శనివారం, రాత్రి 9.40

అందరికీ నమస్కారం. ఇక్కడ ఇంగ్లండులో ఛారిటీ షాపులని ఉంటాయి. జనం ఇచ్చేసిన పాత సామాను అమ్మి, వచ్చిన డబ్బు ఏదో ఒక మంచి పనికి వాడతారు. వాటిలో పుస్తకాల అర చూడందే నేను బయటికి రాను. పోయిన వారం ఒక షాపులో 'బంటీ' అని గట్టి అట్టల పుస్తకాలు వరసగా కనిపించాయి. అచ్చంగా ఆడపిల్లల కోసం వేసిన కామిక్. స్కాట్లండులో డండీ ఊరి డి.సి. థామ్సన్ కంపెనీ 1958లో మొదలుపెట్టి 2001 దాకా నడిపింది. వారం వారం వచ్చేది పల్చగా ఉంటుంది. క్రిస్మస్ ముందు మాత్రం గట్టి అట్టతో ఒక పెద్ద సంచిక తెస్తారు. దాన్ని ఆన్యువల్ అంటారు, దాని మీద రాబోయే ఏడాది అంకె వేస్తారు.

నేను తిరగేస్తుంటే కౌంటర్ దగ్గరున్న పెద్దావిడ పని ఆపేసి వచ్చి పక్కన నిలబడింది. ఇక 'ఫోర్ మేరీస్' కథ మొదలు. హాస్టల్ బడిలో నలుగురు స్నేహితురాళ్ళు, నలుగురి పేరూ మేరీయే. ఒకమ్మాయి జమీందారు బిడ్డ లాంటిది, ఇంకొకమ్మాయి స్కాలర్‌షిప్పు మీద చదువుకునే పేదింటి పిల్ల. వారపత్రిక వెనక పేజీలో ఒక బొమ్మ, ఆ బొమ్మకి రకరకాల గౌన్లు ఉండేవట. కత్తిరించి తొడగడమే. "అన్నీ కత్తిరించేశాం, అందుకే ఇప్పుడు ఏదీ మిగల్లేదు" అని నవ్వింది.

అప్పట్నుంచి నా బుర్రలో ఒకటే తిరుగుతోంది. మాది గుడివాడ. చందమామ, బాలమిత్ర చదివే పెరిగాను. కానీ "ఇది ఆడపిల్లలది" అని ఎవరైనా మన చేతిలో పెట్టిన పత్రిక ఉందా? తెలిసినవాళ్ళు చెప్పండి.

పాత సంచిక | శనివారం, రాత్రి 10.15

పిల్లలకే అని వచ్చినవి చాలా ఉన్నాయండి. ఆడపిల్లలకే అని నిలబడింది నాకు తెలిసి ఒక్కటీ లేదు. రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు గారు, రేడియో అక్కయ్య కామేశ్వరి గారు 1945లో మద్రాసు నుంచి 'బాల' తెచ్చారు. బాపు కుర్రతనంలో బొమ్మలు వేసింది అందులోనే. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి గార్ల 'చందమామ' తెలుగు, తమిళాల్లో ఒకేసారి వచ్చింది. ఆ తర్వాత బాలమిత్ర. ఆ తర్వాత బొమ్మరిల్లు, అది విజయ బాపినీడు గారిది. అవును, 'గ్యాంగ్ లీడర్' తీసిన ఆయనే.

ఆడవాళ్ళ పత్రికలు లేకపోలేదు. కేసరి గారి 'గృహలక్ష్మి' 1928 నాటిది. కానీ అది ఇల్లాళ్ళది. చందమామకి పెద్దయిపోయి, గృహలక్ష్మికి ఇంకా చిన్నదైన పదమూడేళ్ళ పిల్ల ఏం చదవాలన్నది మన ప్రచురణకర్తలకి తట్టినట్టు లేదు.

మునగ చెట్టు | శనివారం, రాత్రి 10.22

మగపిల్లలకి మాత్రం ఎవడు వేశాడు సార్? మేమూ అదే చందమామ, అదే క్యూ.

గౌతమి | ఆదివారం, ఉదయం 6.05

మునగ చెట్టు గారూ, క్యూలో ఎవరు ముందు నిలబడ్డారన్నదే ఇక్కడ సంగతి.

మాది రాజమండ్రి. బడిపంతులుగా పనిచేసి రిటైరయ్యాను. మా ఇంటికి చందమామ పోస్టులో వచ్చేది. గుండ్రంగా చుట్టి, నడుమ కాగితం పట్టీ అంటించి, దాని మీద నాన్నగారి పేరు ఉండేది. ఆ పట్టీ చింపే హక్కు అన్నయ్యది. ఎందుకంటే మగపిల్లాడు కనక, వేరే కారణం ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. వాడు చదివాక నాన్నగారు పడక్కుర్చీలో కాసేపు తిరగేసేవారు, ఆయన చదవనట్టు నటిస్తూ మొత్తం చదివేవారు. నాకూ చెల్లికీ రాత్రి భోజనాలై, గిన్నెలు తోమి, వంటిల్లు కడుక్కున్నాక వచ్చేది. ఈలోపు సీరియల్లో ఏం జరిగిందో అన్నయ్య కావాలని చెప్పేసేవాడు. రాక్షసుడు చచ్చిపోయాడని ముందే తెలిసి ఆ సీరియల్ చదవడం ఎంత చప్పగా ఉంటుందో మగపిల్లలకి తెలీదు.

ఇంకొకటి. ఫోటో వ్యాఖ్యల పోటీ గుర్తుందా? రెండు ఫోటోలు ఇచ్చేవారు. రెంటికీ ఒకదానికొకటి అతికేలా వ్యాఖ్యలు రాసి వడపళని, మద్రాసు-26కి కార్డు వెయ్యాలి. మా చెల్లికి అందులో మంచి చెయ్యి. నాన్నగారు మాత్రం "ఆడపిల్ల పేరూ ఊరూ అచ్చులో ఎందుకు, అన్నయ్య పేరు పెట్టు" అనేవారు. అది అన్నయ్య పేరుతోనే పంపేది. ఇప్పటికీ ఏదైనా కుటుంబం గ్రూపులో అన్నయ్య జోకు వేస్తే "అది కూడా నేను రాసిందేనా?" అంటుంది.

పాత సంచిక | ఆదివారం, ఉదయం 7.30

గౌతమి గారూ, ఆ పత్రికలో పేరు పడకపోవడం పెద్దవాళ్ళకీ తప్పలేదు. కొడవటిగంటి కుటుంబరావు గారు 1952 నుంచి 1980లో పోయేదాకా చందమామని నడిపించారు. సంపాదకుడి చోట ఉండేది ఆయన పేరు కాదు. దాసరి సుబ్రహ్మణ్యం గారు తోకచుక్కతో మొదలుపెట్టి భల్లూక మాంత్రికుడి దాకా దాదాపు పాతికేళ్ళు సీరియళ్ళు రాశారు. నెల నెలా ఆంధ్రదేశమంతా ఎదురుచూసింది ఆయన అక్షరం కోసమే, కానీ ఆ సీరియళ్ళ మీద ఆయన పేరుండేది కాదు. ఆయన ఎవరో చాలామందికి తెలిసేసరికి ముసలివారైపోయారు. 2010లో పోయారు.

హేమ74 | ఆదివారం, ఉదయం 9.10

అందరూ చందమామ అనగానే కళ్ళు చెమర్చుకుంటారు కానీ, నేను కాస్త ఎదురు మాట్లాడతాను. అనంతపురంలో డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతాను. ఈ మధ్య మా అబ్బాయి కోసం 'శిథిలాలయం' మళ్ళీ చదివాను. శిఖిముఖి, విక్రమకేసరి అడవులన్నీ తిరుగుతారు, కొండజాతులతో కలబడతారు, పాడుబడ్డ గుడికి దారి వెతుక్కుంటారు. నాలాంటిది అందులో ఎక్కడుంది? ఆ సీరియళ్ళలో ఆడపిల్ల అంటే ఎవడో మాంత్రికుడు ఎత్తుకుపోతే తిరిగి తేవాల్సిన సరుకు. ఆఖర్న అర్ధరాజ్యంతో పాటు కట్టబెట్టే రాకుమార్తె. 'బంటీ'లో ఆ నలుగురు మేరీలు ఏం చేసినా వాళ్ళే చేశారు కదా. తేడా అక్కడే ఉంది.

నల్లగొండ పిల్ల | ఆదివారం, ఉదయం 11.45

హేమ మేడమ్ చెప్పింది కాగితం మీద నిజమే. కానీ చదివేటప్పుడు మేం రాకుమార్తెలం అనుకోలేదు మేడమ్. నేను విక్రమకేసరినే. మా చెల్లె శిఖిముఖి. బాయికాడ తుమ్మచెట్టు కింద కట్టెలు పట్టుకొని యుద్ధం చేసేటోళ్ళం. ఆడపిల్లలు హీరో కావద్దని మాకు ఎవ్వరూ చెప్పలేదు, అందుకే అయ్యినం.

మా దిక్కు అసలు కష్టం పుస్తకం దొరకడం. ఊర్లో గ్రంథాలయం ఉండె, కానీ అది మగవాళ్ళు పేపర్ చదివే అరుగు. ఆడపిల్ల పోయి అక్కడ బల్ల మీద కూర్చుంటే సాయంత్రానికి ఇంట్లో తెలుస్తది. అందుకని మా చిన్నాయన తెచ్చిపెట్టేది. రెండు రోజుల్లో తిరిగి ఇచ్చేయాలె. అది చేతికి వచ్చేసరికి అప్పటికే ఊరంతా నమిలేసి ఉండేది, బేతాళ కథ ఉన్న పేజీ మాత్రం ఎప్పుడూ మాయం.

మాకు పండుగంటే విశాలాంధ్ర వాళ్ళ పుస్తకాల వ్యాన్. రష్యా పుస్తకాలు మస్తు చవక, మస్తు గట్టి. వాటిలో ఆడపిల్లలు ట్రాక్టర్లు నడిపేటోళ్ళు. మా అమ్మ ఆ బొమ్మ చూసి "ఈ పిల్లకి పెండ్లి ఎట్లయితది" అన్నది. 'సోవియట్ భూమి' అయితే ఎవ్వరు చదివిండ్రో తెల్వదు కానీ, జిల్లాలో ప్రతి పిల్ల నోట్‌బుక్‌కీ అట్ట అదే.

గౌతమి | ఆదివారం, మధ్యాహ్నం 12.20

హా, సోవియట్ భూమి అట్టలు! నున్నటి కాగితం, వాన పడినా చెక్కుచెదరదు. నా లెక్కల పుస్తకం మీద ఏడాదంతా ఒక వ్యోమగామి ఉండేవాడు.

హేమ గారూ, సీరియళ్ళ సంగతి మీరన్నదే. చిన్న కథలు మాత్రం వేరు. రాజుగారు చిక్కుప్రశ్న వేస్తారు, మంత్రి నీళ్ళు నములుతాడు, పండితులు తలలు వంచుకుంటారు. అప్పుడు కుమ్మరివాడి కూతురో, గొల్లపిల్లో వచ్చి రెండు ముక్కల్లో తేల్చేస్తుంది. అలాంటి కథలు ఎన్ని చదివాం! కోడలు అత్తని నేర్పుగా దారికి తెచ్చుకునేవి, దొంగని ఇంట్లో ఒంటరిగా ఉన్న ఇల్లాలు బోల్తా కొట్టించేవి ఇంకెన్నో. ఆలీబాబా కథలో దొంగలు జాడీల్లో దాక్కున్నారని కనిపెట్టింది మార్జియానా. సలసల కాగే నూనె పోసిందీ ఆవిడే. ఆలీబాబా చేసిందల్లా గుహ తలుపు తెరవడం. మా బళ్ళో ఆ కథ నాటకం వేస్తే మార్జియానా వేషానికి కొట్టుకున్నాం, ఆలీబాబా వేషం ఎవరికీ అక్కర్లేకపోయింది.

హేమ74 | ఆదివారం, మధ్యాహ్నం 1.05

మార్జియానా దగ్గర మీదే పైచేయి. అయినా గుర్తుంచుకోండి, అంత చేశాక ఆవిడకి దక్కిన బహుమానం ఆ ఇంటి అబ్బాయితో పెళ్ళి.

మునగ చెట్టు | ఆదివారం, మధ్యాహ్నం 1.07

నలభై మందిని వేయించిన చెయ్యి. ఆ అబ్బాయి రోజూ భోజనానికి ఎలా కూర్చునేవాడో పాపం.

చిన్నూ | ఆదివారం, మధ్యాహ్నం 3.30

నేను 1996లో పుట్టాను, కాబట్టి ఇదంతా మా అమ్మ చెబితే విన్నదే. మా ఇంట్లో కొన్ని పాత చందమామలు ఉన్నాయి. భుజం మీద శవం, చేతిలో కత్తి, విక్రమార్కుడి బొమ్మ. అది వడ్డాది పాపయ్య గారిదే కదా? ఎంత బాగుంటుందో. టీషర్ట్ మీద వేయించుకుందామని ఉంది.

పాత సంచిక | ఆదివారం, మధ్యాహ్నం 3.41

కాదు చిన్నూ. అది శంకర్ గారి బొమ్మ. అసలు పేరు కె.సి. శివశంకరన్, తమిళాయన. 1950ల మొదట్లో చేరి చివరిదాకా చందమామతోనే ఉన్నారు, 2020లో పోయారు. దాసరి గారి సీరియళ్ళకి వేసింది 'చిత్ర'. మహాభారతం బొమ్మలతో పేరు తెచ్చుకున్నది ఎం.టి.వి. ఆచార్య. వపా గారివి ముఖ్యంగా ముఖచిత్రాలు. బొమ్మ కింద మూల చూడండి, సంతకం ఉంటుంది.

కళింగ | ఆదివారం, సాయంత్రం 5.50

వపా గారి పేరు వచ్చింది కనక ఆగలేకపోతున్నా. ఆయన మా శ్రీకాకుళంలో 1921లో పుట్టారు, అనకాపల్లి పక్కన కశింకోటలో డ్రాయింగు మాస్టారుగా పనిచేశారు. మద్రాసు వెళ్ళి కూర్చోకుండా బొమ్మలు వేసి అక్కణ్ణుంచే పంపేవారు. లెస్టర్ కోడలు గారి ప్రశ్నకి నా జవాబు ఇది: మన ఆడపిల్లల ఆన్యువల్ అంటే 'యువ' దీపావళి సంచిక. చందమామ చక్రపాణి గారిదే యువ కూడా. పేరుకి పెద్దవాళ్ళ పత్రిక. లోపల నవలలు, కథలు అమ్మకి, పిన్నికి. కానీ వపా బొమ్మలు మా అక్కలవి.

ఆ బొమ్మలతో మా అక్కలు చేసిన పని దగ్గరుండి చూశాను, తమ్ముణ్ణి కనక సామాను అందించే ఉద్యోగం నాదే. పల్చటి తెల్ల కాగితానికి కొబ్బరినూనె రాసి ఎండలో ఆరబెట్టేవారు. నూనె ఎక్కువైతే పుస్తకం పాడవుతుంది, తక్కువైతే గీత కనపడదు. అందుకని ముందు దూదితో అద్ది, తర్వాత పాత గుడ్డతో తుడిచేవారు. ఆ కాగితం బొమ్మ మీద పరిచి పెన్సిలుతో చీర అంచు ఒక్కటే దించేవారు. మొహం అక్కర్లేదు. అంచు, వంకీ, జడబిళ్ళ, చెవి దుద్దు. అక్కణ్ణుంచి కార్బన్ పేపరుతో దిండుగలీబు మీదికి. ఆ సంక్రాంతికి మా ఇంట్లో దిండ్ల మీద వపా గారి శకుంతల చీర అంచు కాడకుట్టుతో వచ్చేసింది. ఆయనకి తెలిస్తే ఏమనేవారో.

తర్వాత బొమ్మ కత్తిరించి ట్రంకుపెట్టె మూత లోపల అన్నం మెతుకులతో అంటించేవారు. పెద్దక్క పెళ్ళయి విజయనగరం వెళ్ళినప్పుడు ఆ పెట్టెతోనే వెళ్ళింది.

పాత సంచిక | ఆదివారం, సాయంత్రం 6.20

మీ అక్కలకి నమస్కారం, కానీ కడుపు మండుతోంది. నేను పాత యువ సంచికలు సేకరిస్తాను. అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద, బెజవాడలో అలంకార్ సెంటర్ పక్కన, ఎక్కడ వెతికినా ముఖచిత్రం ఉన్న దీపావళి సంచిక దొరకడం గగనం. లోపల రంగు పేజీ ఉండాల్సిన చోట చక్కగా బ్లేడుతో కోసిన గీత ఉంటుంది.

గౌతమి | ఆదివారం, సాయంత్రం 6.28

కొయ్యక? ఎప్పుడో మీరు పుట్టి సేకరిస్తారని దాచిపెట్టాలా?

లెస్టర్ కోడలు | ఆదివారం, సాయంత్రం 6.45

పాత సంచిక గారూ, ఇక్కడా ఇదే బాధ. బంటీ సేకరించేవాళ్ళు మొదట చూసేది వెనక పేజీ ఉందా లేదా అనే. బొమ్మ కత్తిరించకుండా ఉన్న సంచిక అంటే ఏ పిల్లా దానితో ఆడుకోలేదని అర్థం.

కళింగ గారూ, ఆ కొబ్బరినూనె కాగితం నేనూ చేశాను! ముగ్గుల కోసం. ధనుర్మాసంలో వారపత్రికలు ముగ్గుల పేజీలు వేసేవి కదా. 'పదిహేను చుక్కలు, సందు చుక్క, ఎనిమిది వచ్చేదాకా' అని కింద రాసి ఉండేది. నోట్‌బుక్‌లోకి ఎక్కించుకుని, పక్కింటి వాళ్ళకి చూపించకుండా దాచుకోవడం. భోగి నాడు తెల్లారేసరికి వీధిలో మూడిళ్ళ ముందు అదే ముగ్గు ఉండేది, అందరి ఇళ్ళకీ వచ్చే పత్రిక ఒకటే కనక.

నల్లగొండ పిల్ల | ఆదివారం, రాత్రి 8.15

అంటే మన ఆడపిల్లల పత్రిక అమ్మ పత్రికలోనే దాక్కొని ఉండె. ముగ్గులు, కుట్లు, సీరియల్. ఇంక 'ప్రమదావనం' ఎవ్వరూ అనలేదేంది?

గౌతమి | ఆదివారం, రాత్రి 8.50

నువ్వు అనాలనే ఆగాను తల్లీ. ఆంధ్రప్రభ వారపత్రికలో మాలతీ చందూర్ గారి శీర్షిక. ఊరూ పేరూ లేని ఉత్తరాలు, వాటికి ఆవిడ జవాబులు. ఆవకాయ బూజు పట్టకుండా ఏం చెయ్యాలన్న దగ్గర్నుంచి, మొగుడు కొడుతుంటే ఏం చెయ్యాలన్న దాకా అడిగేవారు. ఆవిడ ఏడవరు, ఏడిపించరు. చదువుకో, ఉద్యోగం చూసుకో, లేకపోతే ఈ పని చెయ్యి అని తేల్చి చెప్పేవారు. మాకు పన్నెండు, పదమూడేళ్ళప్పుడు ఇంట్లో ఎవరూ చెప్పని సంగతులు అక్కడే తెలిశాయి. అమ్మ దాన్ని చదివి దిండు కింద పెట్టేది, మేం తీసి చదివి అదే మడతలో పెట్టేసేవాళ్ళం. తీస్తున్నామని అమ్మకి తెలుసు. తెలిసినా ఆ దిండు కిందే పెడుతూ వచ్చింది.

ప్రపంచ నవలలు కూడా ఆవిడ పుణ్యమే. స్వాతిలో 'పాత కెరటాలు' అని ఒక్కో నవల కథ చెప్పేవారు. ఇంగ్లీషు రాని నా స్నేహితురాళ్ళు అన్నా కరెనినా గురించి మాట్లాడుకోగలిగారంటే అందువల్లే.

లెస్టర్ కోడలు | ఆదివారం, రాత్రి 9.30

ఇక్కడ 'జాకీ' అని ఇంకో పత్రిక ఉండేది, అదీ ఆ డండీ కంపెనీదే, 1964 నుంచి 1993 దాకా. కాస్త పెద్ద ఆడపిల్లలకి. అందులో 'కాథీ అండ్ క్లెయిర్' అని ఇద్దరక్కల పేర్లతో ఉత్తరాల పేజీ. ఛారిటీ షాపు పెద్దావిడ జాకీ మొత్తంలో ముందు చదివింది ఆ పేజీయేనట. తేడా ఏంటంటే అక్కడ ఆ పేజీ పిల్లల పత్రికలోనే ఉంది. మనం దిండు కింద నుంచి తీసుకోవాల్సి వచ్చింది.

హేమ74 | ఆదివారం, రాత్రి 9.55

దిండు కింద నుంచి తీసుకున్నదే బాగుందేమో. బంటీ, జాకీ లాంటివి పిల్లకి ఏ వయసులో ఏం చదవాలో గిరి గీసి ఇచ్చాయి. మనకి గిరి లేదు కనక పదేళ్ళకే యద్దనపూడి చదివేశాం. 'సెక్రటరీ' చదివినప్పుడు నాకు అందులో రాజశేఖరం కన్నా జయంతి ఉద్యోగానికి వెళ్ళడం నచ్చింది. పొద్దున్నే చీర కట్టుకుని, బ్యాగు పట్టుకుని, సొంత జీతానికి. నేను లెక్చరర్ అవ్వడంలో ఆవిడకి కొంచెం వాటా ఉంది. ఈ మాట మా డిపార్ట్‌మెంట్లో అంటే నవ్వుతారు, ఇక్కడ కనక అంటున్నా.

మునగ చెట్టు | ఆదివారం, రాత్రి 10.02

మేం మాత్రం ఆ వయసులో మధుబాబు షాడో చదివి ఎవరమూ గూఢచారులం అవ్వలేదు. షాడో గురించి కూడా మాట్లాడుకుందామా? పాకెట్ సైజు, అద్దె షాపు, టెక్స్ట్‌బుక్ మధ్యలో పెట్టి…

నిర్వాహకురాలు | ఆదివారం, రాత్రి 10.10

మునగ చెట్టు గారూ, షాడోకి వేరే చర్చ ఇప్పటికే ఉంది, మీరే మొదలుపెట్టారు. అక్కడ కొనసాగించండి. దీన్ని ఆడపిల్లలకి వదిలేయండి, ఒక్కసారికి.

చిన్నూ | సోమవారం, ఉదయం 8.20

నాకొక సందేహం. ఇన్ని పత్రికలు ఉండి, అచ్చంగా కామిక్స్ ఎందుకు లేవు మనకి? బొమ్మల పెట్టెలు, బుడగల్లో మాటలు, అలాంటివి.

పాత సంచిక | సోమవారం, ఉదయం 9.00

ఉన్నాయి, తక్కువ. బుజ్జాయి గారు దేవులపల్లి కృష్ణశాస్త్రి గారబ్బాయి. 'డుంబు' ఆయనదే. పంచతంత్రాన్ని ఇంగ్లీషులో బొమ్మల కథగా వేసి ఇలస్ట్రేటెడ్ వీక్లీ దాకా తీసుకెళ్ళారు. 2022లో పోయారు. అనంత్ పై గారి అమర్ చిత్ర కథలు 1967 నుంచి వచ్చాయి, తెలుగులోనూ కొన్ని దొరికేవి. వాటిలో సావిత్రి, ద్రౌపది, ఝాన్సీ రాణి, చాంద్ బీబీ ఉన్నారు కనక హేమ గారు కాస్త శాంతించొచ్చు. మన పత్రికల ఖర్చులో బొమ్మకి పెట్టిందంతా ముఖచిత్రానికీ, కథకి ఒకటి రెండు బొమ్మలకీ పోయేది. పేజీకి ఆరు బొమ్మలు వేయించాలంటే ఆ ధరకి పత్రిక ఇవ్వలేరు.

హేమ74 | సోమవారం, ఉదయం 9.25

శాంతించను. ఆ బొమ్మల్లో ఝాన్సీ రాణి తప్ప తక్కిన రాణులందరికీ ఒకే నడుము.

కళింగ | సోమవారం, మధ్యాహ్నం 2.15

అందరూ బైండు పుస్తకాల సంగతి మర్చిపోయారు. వారపత్రికలో సీరియల్ పేజీలు పిన్నులు ఊడదీసి తీసి, వారం వారం దొంతరగా పెట్టి, అయిపోయాక బైండింగు షాపులో ఇచ్చేవారు కదా. మా వీధి చివర ఒకాయన మైదాపిండి ఉడకబెట్టి, మైలుతుత్తం కలిపిన జిగురుతో అతికేవాడు. పురుగు పట్టకుండా అట. వెన్నుకి కాలికో గుడ్డ, పైన రంగురంగుల మచ్చల కాగితం. మీద పేరు అక్క స్వయంగా ఇంకుతో రాసేది. మా ఊళ్ళో ఆ సీరియల్ చదవని ఆడవాళ్ళు మా ఇంటికి వచ్చి పేరు రాసి తీసుకెళ్ళేవారు. లైబ్రరీకి వెళ్ళనివ్వని చోట అక్కే లైబ్రరీ పెట్టింది.

గౌతమి | సోమవారం, మధ్యాహ్నం 3.00

ఆ బైండు పుస్తకాల్లో నాకు ఇష్టమైనవి వెనక పేజీలు. సీరియల్ ఒకవైపు, దాని వెనక వేరే ఎవరిదో కథ సగంలో మొదలై సగంలో ఆగిపోయేది. "…అని తలుపు వేసుకుంది సుశీల" అని పేజీ మొదలవుతుంది. సుశీల ఎవరు, ఎందుకు వేసుకుంది, ఎవరికీ తెలీదు. వేసవి సెలవుల్లో నేనూ చెల్లీ ఆ సగం కథలన్నిటికీ ముందూ వెనకా కల్పించేవాళ్ళం. చెల్లి తర్వాత నిజంగానే కథలు రాసింది. తన పేరుతోనే.

ఆ పుస్తకాల్లో ఒకటి ఇప్పటికీ నా దగ్గరుంది. అమ్మ బైండు చేయించింది. మొదటి కాగితాలు చెదలు తినేశాయి, నవల పేరు తెలీదు, రచయిత్రి పేరు తెలీదు. ఆఖరి వారం కూడా లేదు. అమ్మ ఎనభై దాటింది. ఆ అమ్మాయి చివరికి కాకినాడ ఉద్యోగంలో చేరిందా, లేక ఇంటికి తిరిగి వచ్చేసిందా అని అడిగితే "చేరే ఉంటుంది" అంటుంది, అంతకు మించి గుర్తులేదు. పాత సంచిక గారూ, ఇలాంటిది పట్టుకోవడానికి దారేమైనా ఉందా? చందమామ పాత సంచికలు ఒకప్పుడు ఆ కంపెనీ వెబ్‌సైట్‌లోనే ఉండేవి, తర్వాత తెలిసినవాళ్ళు దాచి పంచారు. వారపత్రికలకి అలాంటిదేమీ నాకు కనపళ్ళేదు.

పాత సంచిక | సోమవారం, సాయంత్రం 5.10

దారి ఉంది. వెనక పేజీలే దారి. వాటి మీద సినిమా ప్రకటన ఏదైనా ఉందా చూడండి. సబ్బు ప్రకటనలతో ఏడాది తేలదు, సినిమాతో తేలుతుంది.

గౌతమి | సోమవారం, రాత్రి 7.40

ఉంది. 'ముత్యాల ముగ్గు', త్వరలో విడుదల అని. దాదాపు పుస్తకం చివర్లో, ఒక పేజీలో సగం.

పాత సంచిక | సోమవారం, రాత్రి 7.52

అయితే ఇంక ఎంతో దూరం లేదు. ఆ సినిమా 1975 జూలై ఆఖర్లో విడుదలైంది. కాబట్టి మీ పేజీ జూన్, జూలై సంచికల్లోది అయ్యుండాలి, సీరియల్ ఆ తర్వాత కొద్ది వారాల్లోనే అయిపోయి ఉంటుంది. అప్పటి వారపత్రికలు మూడు నాలుగు చూస్తే చాలు. వేటపాలెం సారస్వత నికేతనంలో పాత పత్రికలు బాగా దాచారు, 1918లో పెట్టిన గ్రంథాలయం. చీరాలలో మా బావమరిది ఇంట్లో వచ్చే వారం పని ఉంది, ఆ చేత్తో అటు వెళ్ళి వస్తాను. మీ పుస్తకంలో ఆఖరి పేజీ అంకె ఎంత?

గౌతమి | సోమవారం, రాత్రి 8.05

అంచు సమంగా రావాలని బైండరు అంకెలు కోసేశాడు.

కళింగ | సోమవారం, రాత్రి 8.09

మా బైండరే అయ్యుంటాడు.

పాత సంచిక | సోమవారం, రాత్రి 8.20

పర్వాలేదు. ఆఖరి పేజీలో ఉన్న బొమ్మ, చివరి పేరా ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. హీరోయిన్ పేరు కూడా. బొమ్మ పట్టుకుని పోలిస్తే అరపూట పని. ఆఖరి వారం దొరికితే ముందు మీకు మెసేజ్ పెడతాను, ఇక్కడ రాయను. అమ్మగారికి మీరే చదివి వినిపించండి.

నల్లగొండ పిల్ల | సోమవారం, రాత్రి 8.31

అమ్మకి వినిపించినాక ఇక్కడ కూడా పెట్టాలె అక్కా. కాకినాడ పోయిందా లేదా అని మేం కూడా టెన్షన్‌లో ఉన్నం.